పాఠం 9: కెమెరా ముందు పిల్లలు – థీమ్ పార్కులో కుటుంబ ఫోటో చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఫోటోకు "నిలబడు, ఇటు చూడు, నవ్వు" అనే అలవాటు ఎప్పుడు, ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
• కుటుంబ విహారానికి, కెమెరా వ్యాపారానికి, థీమ్ పార్కుకు ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• కుటుంబ ఫోటోను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
• కెమెరా అంటే బిడియపడే పిల్లలను నొప్పించకుండా సహజమైన ఫోటో తీసే పద్ధతిని ఈ చరిత్ర ఆధారంగా రూపొందించుకోగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

వేసవి సెలవుల్లో థీమ్ పార్కుకు వెళ్లిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. టిక్కెట్లకు, ప్రయాణానికి, తిండికి బాగానే ఖర్చయింది. ప్రవేశద్వారం దగ్గర తండ్రి ఫోన్ పైకెత్తి, "అక్కడ నిలబడు, ఇటు చూడు, నవ్వు" అంటాడు. ఆరేళ్ల పాప తల్లి కొంగు చాటుకు వెళ్లిపోతుంది. రెండోసారి పిలిస్తే పళ్లు బిగించి, భుజాలు పైకి లాక్కుని నిలబడుతుంది. మూడోసారికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే ఒక్క ఫోటోకు కూడా నిలబడవా?" అనే మాట తండ్రి నోటివెంట వచ్చేస్తుంది. ఆ రోజు గురించి పాపకు చివరికి గుర్తుండేది ఆ మాట ఒక్కటే కావచ్చు.

ఇందులో చరిత్ర ఏముందని మీరు అడగవచ్చు. తండ్రి ఇచ్చిన మూడు ఆదేశాలను విడివిడిగా చూడండి. "నిలబడు" అనేది తొలినాటి రసాయనాల మందకొడితనం నుంచి వచ్చింది. "ఇటు చూడు" అనేది స్టూడియో పద్ధతి. "నవ్వు" అనేది ప్రధానంగా కెమెరా వ్యాపారం నేర్పిన అలవాటు. మూడూ వేర్వేరు అవసరాల నుంచి పుట్టాయి. ఆ అవసరాల్లో చాలావరకు నేడు లేవు, ఆదేశాలు మాత్రం మిగిలాయి. కాబట్టి ఫోటోకు నిలబడని పిల్లలో లోపం వెతకడానికి ముందు, మనం ఏం అడుగుతున్నామో, దాన్ని ఎక్కడ నేర్చుకున్నామో తెలుసుకోవాలి. ఈ పాఠంలో మనం పరిశీలించే అంశం ఇదే.

9.2 "నిలబడు": కదలకూడని కాలం

ఫ్రాన్సులో లూయీ డాగేర్ రూపొందించిన డాగెరోటైప్ పద్ధతి వివరాలను 1839 ఆగస్టు 19న పారిస్‌లో బహిరంగంగా ప్రకటించారు. వెండిపూత పూసిన రాగి రేకు మీద బింబం పడటానికి మొదట్లో అనేక నిమిషాలు పట్టేది. 1840లలో మెరుగైన కటకాలు, రసాయనాలు రావడంతో ఆ వ్యవధి నిమిషంలోపుకు తగ్గింది. అయినా అన్ని సెకన్లపాటు కదలకుండా ఉండటం పెద్దలకే కష్టం. అందుకే స్టూడియోల్లో కుర్చీ వెనక ఒక ఇనుప ఊత ఉండేది. తల కదలకుండా దాని కొక్కెం మెడ వెనక ఆనేది.

పసిపిల్లలను ఇనుప ఊతతో ఆపలేం. దానికి ఆనాటి స్టూడియోలు ఒక ఉపాయం కనిపెట్టాయి. తల్లో, ఆయానో కుర్చీలా కూర్చుని బిడ్డను ఒళ్లో పట్టుకునేది. ఆమె మీద తల నుంచి పాదాల వరకు ఒక దుప్పటి గాని, తెర గుడ్డ గాని కప్పేవారు. ఫోటోలో బిడ్డ ఒక్కడే, వెనక ఏదో గుడ్డ కప్పిన సామాను ఉన్నట్లు కనిపించాలని వారి ఉద్దేశం. పందొమ్మిదో శతాబ్దపు ఇలాంటి ఫోటోలు నేడు పెద్ద సంఖ్యలో లభిస్తున్నాయి. సేకరణకర్తలు వీటిని "దాగిన తల్లి" ఫోటోలని పిలుస్తారు. జాగ్రత్తగా చూస్తే గుడ్డ కింది నుంచి ఒక చేయి, ఒక చెప్పు, ఒక మోకాలి వంపు కనిపిస్తాయి.

ఈ ఫోటోలు చరిత్ర విద్యార్థికి రెండు విషయాలు చెబుతాయి. ఒకటి, పిల్లల స్వభావానికి, ఆనాటి యంత్రానికి మొదటినుంచీ పొసగలేదు. రెండు, కుటుంబ ఫోటోలో కనిపించేవారితోపాటు, కనిపించకుండా ఆ ఫోటోను సాధ్యం చేసినవారు కూడా ఉంటారు. ఈ రెండో విషయాన్ని గుర్తుంచుకోండి. దీనితో మళ్లీ పని ఉంది.

1871లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పూత ఫలకాన్ని ప్రతిపాదించాడు. ఇతరులు దాన్ని మెరుగుపరచడంతో 1870ల చివరినాటికి సెకనులో కొద్ది భాగంలోనే ఫోటో తీయడం సాధ్యమైంది. అంటే, కదలకుండా నిలబడవలసిన సాంకేతిక అవసరం సుమారు 140 సంవత్సరాల కిందటే తగ్గిపోయింది. అలవాటు మాత్రం పోలేదు.

9.3 "ఇటు చూడు": స్టూడియో పద్ధతి, సహజత్వం అనే సమస్య

ఫోటోకు చూపు కూడా కావాలి. పిల్లల చూపును కటకం వైపు తిప్పడానికి స్టూడియోల వారు బొమ్మలు, గిలకలు వాడేవారు. కూత పెట్టే, రెక్కలాడించే ఇత్తడి పిట్ట వీటిలో పేరుపొందింది. "ఇదిగో పిట్ట చూడు" అనే పిలుపు ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ఫోటోకు పర్యాయంగానే మారింది. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించండి. పిల్లలు చూసింది కెమెరాను కాదు, పిట్టను. ముఖంలోకి వచ్చిన కుతూహలం పిట్ట తెచ్చింది. నేడు మనం పిట్టను తీసేసి ఆదేశాన్ని మాత్రం మిగుల్చుకున్నాం.

ఇదే కాలంలో "సహజమైన ముఖకవళిక" శాస్త్ర చర్చకు వచ్చింది. చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల, జంతువుల భావప్రకటనపై వెలువరించిన గ్రంథంలో ఆస్కార్ రెజ్లాండర్ తీసిన పిల్లల ఫోటోలున్నాయి. వాటిలో గుక్కపట్టి ఏడ్చే పసివాడి బొమ్మ ఎంతో ప్రజాదరణ పొంది విరివిగా అమ్ముడైంది. క్షణికమైన ఏడుపును కెమెరా అచ్చంగా పట్టుకుందని చూసినవారు అనుకున్నారు. అయితే గ్రంథంలో అచ్చయినది ఫోటో ఆధారంగా చేతితో గీసి, దాన్ని మళ్లీ ఫోటో తీసిన బొమ్మ అని తరవాతి పరిశోధకులు గుర్తించారు.

అంతమాత్రాన రెజ్లాండర్‌ను మోసగాడిగా జమకట్టనవసరం లేదు. ఆనాటి సాధనాలతో సాధ్యమైనది ఆయన చేశాడు. మనకు కావలసిన పాఠం వేరు. సహజంగా కనిపించే ఫోటో వెనక కూడా ఎంపిక, శ్రమ, ఏర్పాటు ఉంటాయి. "ఇది సహజమైన ఫోటో" అన్నప్పుడు చరిత్రకారుడు "ఎవరు, ఎలా సాధించారు?" అని అడగాలి.

ఏర్పాటు అంటే యంత్రం ఒక్కటే కాదు. కెమెరా వెనక ఎవరున్నారన్నది కూడా ఏర్పాటులో భాగమే. దీనికి మన ప్రాంతం నుంచే మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ పొందిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పాడు. దాన్ని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించింది. పరదా పాటించే స్త్రీలు పరపురుషుడి ఎదుట ఫోటోకు కూర్చోరు. దీన్‌దయాళ్ వారి సంకోచాన్ని మొండితనంగా చూడలేదు, తన ఏర్పాటునే మార్చుకున్నాడు. ఎదుటి మనిషికి సంకోచం ఉన్నప్పుడు మారవలసింది మనిషి కాదు, పరిస్థితి అని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది. కారణాలు వేరైనా, బిడియపడే పిల్లల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. "దాగిన తల్లి" ఫోటోలు అంటే ఏమిటి? అవి ఎందుకు అవసరమయ్యాయి?
2. జెనానా స్టూడియో ఉదాహరణ నుంచి మీరు గ్రహించిన సూత్రం ఏమిటి?

9.4 "నవ్వు": డబ్బా కెమెరా, కుటుంబ సంతోషం

అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరాను విడుదల చేశాడు. ధర 25 డాలర్లు. లోపల 100 ఫోటోలకు సరిపడే చుట్ట ఉండేది. అన్నీ తీశాక కెమెరాను కంపెనీకి పంపితే, ఫోటోలు కడిగి, కొత్త చుట్ట వేసి తిరిగి పంపేవారు. దీంతో రసాయనాలు తెలియనివారు కూడా ఫోటోలు తీయగలిగారు. 1900 ఫిబ్రవరిలో అదే కంపెనీ ఒక డాలరుకే బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను తెచ్చింది. ఆనాటి పిల్లల కథల్లోని చిట్టి పాత్రల పేరు దానికి పెట్టి, పిల్లలే కొనుక్కుని వాడాలని ప్రచారం చేసింది. ఇది ముఖ్యమైన మార్పు. అంతవరకు కెమెరా ఎదుట నిలబడిన పిల్లల చేతికే కెమెరా వచ్చింది.

ఈ డబ్బా కెమెరాలకు మరో విశేషం ఉంది. 1901 నాటి రెండో నంబరు బ్రౌనీని నడుము దగ్గర పట్టుకుని, పైన ఉన్న చిన్న గాజు గవాక్షంలోకి వంగి చూసి ఫోటో తీసేవారు. దానివల్ల కటకం పిల్లల ఎత్తుకు దగ్గరగా ఉండేది. తీసేవారి ముఖం కెమెరా చాటున దాగేది కాదు. నేటి ఫోన్ పెద్దల కళ్ల ఎత్తులో ఉండి, తీసేవారి ముఖాన్ని కప్పేస్తుంది. పిల్లలకు అమ్మా నాన్నల ముఖానికి బదులు నల్లటి పలక కనిపిస్తుంది. నవ్వాలన్నా దేన్ని చూసి నవ్వాలి?

కంపెనీ కెమెరాతోపాటు ఒక భావాన్ని కూడా అమ్మింది. తొలినాటి ఫోటోల్లో మనుషులు గంభీరంగా ఉండటానికి సుదీర్ఘ వ్యవధి ఒక కారణమైతే, తైలవర్ణ చిత్రాల నుంచి వచ్చిన మర్యాద మరో కారణం. కొడాక్ ప్రకటనలు మాత్రం సెలవులు, విహారాలు, ఆటలు, నవ్వు ముఖాలు చూపించాయి. సంతోషాన్ని ఫోటోగా భద్రపరచాలన్న ఆలోచన వాటితో బలపడింది. క్రమంగా ఫోటోలో సంతోషం కనిపించడం తప్పనిసరి అయింది.

ఫిల్మ్ ఖరీదు ఈ ఒత్తిడిని పెంచింది. మొదటి బ్రౌనీ చుట్టలో 6 ఫోటోలే వచ్చేవి. మన మధ్యతరగతి ఇళ్లలో తరవాతి కాలంలో కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలో ఒక రోల్‌కు 12 ఫోటోలు. పన్నెండింటిలో ఒకటి పాడైతే ఇంటిల్లిపాదీ బాధపడేవారు. కాబట్టి అందరినీ వరసగా నిలబెట్టి, సరిచూసుకుని తీయడమే పొదుపు. అంటే, మనం నేడు కృత్రిమం అంటున్న ఆ నిలువు ఫోటో ఒకప్పటి జాగ్రత్తకు గుర్తు. పాత ఆల్బమ్‌లోని బిగుసుకుపోయిన ముఖాలను చూసి నవ్వే ముందు ఈ ఆర్థిక కారణాన్ని గమనించాలి.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియేర్ బోర్డ్యూ 1965లో తన సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలున్న ఇళ్లలో కెమెరా ఉండటం ఎక్కువని చూపాడు. కుటుంబం తాను ఒక్కటిగా ఉన్నానని తనకు తానే చెప్పుకునే సాధనంగా ఫోటోను ఆయన వివరించాడు. పిల్లలు ఫోటోకు నిరాకరిస్తే పెద్దలకు అంత కోపం ఎందుకు వస్తుందో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. కాగితం మీద ఒక బొమ్మ తగ్గినందుకు కాదు, కుటుంబ సంతోషానికి సాక్ష్యం తగ్గినందుకు.

9.5 థీమ్ పార్కు: విహారం, ఫోటో కలిసిన చోటు

వినోద ఉద్యానాలు ఫోటోకు సమవయస్కులే. కోపెన్‌హాగెన్‌లోని టివోలి ఉద్యానం 1843లో, అంటే డాగెరోటైప్ ప్రకటన తరవాత నాలుగేళ్లకు ప్రారంభమైంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా జాతరల్లో, సముద్రతీర వినోద స్థలాల్లో చిన్న స్టూడియోలుండేవి. అట్ట చందమామ మీద కూర్చుని, బొమ్మ తెరకున్న రంధ్రంలో తల పెట్టి జనం ఫోటోలు తీయించుకునేవారు. మన తిరునాళ్లలో రంగుల తెర ముందు తీసే ఫోటోలు చూసినవారికి ఇది కొత్త కాదు.

1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ ప్రారంభమైంది. ప్రారంభం నుంచే అక్కడి ప్రధాన వీధిలో కొడాక్ కెమెరా దుకాణం ఉండేది. తరవాతి కాలంలో డిస్నీ పార్కుల్లో "ఇక్కడ నిలబడి ఫోటో తీసుకోండి" అని సూచించే కొడాక్ పలకలు వెలిశాయి. దీని ప్రాధాన్యం ఏమిటి? ఏది చూడాలో పార్కు నిర్ణయించినట్లే, ఏది గుర్తుంచుకోవాలో, ఎక్కడ నిలబడి గుర్తుంచుకోవాలో కూడా పలక నిర్ణయించింది. వేలాది కుటుంబాల ఆల్బమ్‌లలో ఒకే కోట, ఒకే కోణం, ఒకే వరస కనిపించడానికి ఇదొక కారణం. హైదరాబాదు శివార్లలో 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లే కుటుంబాలైనా, అమెరికాలో స్థిరపడి డిస్నీలాండ్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలైనా ఈ పద్ధతికి అతీతం కాదు.

బిడియపడే పిల్లల దృష్టితో ఈ స్థలాన్ని చూడండి. కొత్త చోటు, పెద్ద శబ్దాలు, అపరిచితుల గుంపు, ముసుగు వేసుకున్న నిలువెత్తు బొమ్మ. వెనక వరసలో తమ వంతు కోసం నిలబడినవారి చూపులు. ఇన్నింటి మధ్య "నవ్వు" అంటే సగటు పెద్దవారికే కష్టం. అదే పార్కులో ఎత్తు నుంచి జారే సవారీ దగ్గర యంత్రమే ఫోటో తీస్తుంది. అక్కడ ఎవరూ నవ్వమనరు, నిలబడమనరు. ఆ ఫోటోలో భయం, కేక, నవ్వు అన్నీ నిజమైనవి. పిల్లలకు పని దొరికితే ముఖం దానంతట అదే మాట్లాడుతుందనడానికి ఇది నిదర్శనం.

అలాగని దొంగచాటుగా తీస్తే సరిపోతుందా? న్యూయార్కు వీధుల్లో ఆడుకునే పిల్లలను 1930ల చివరి నుంచి ఫోటోలు తీసిన హెలెన్ లెవిట్ పక్కకు చూపే వ్యూఫైండర్‌ను కెమెరాకు అమర్చుకునేది. తమనే తీస్తున్నారని పిల్లలకు తెలిసేది కాదు. ఫలితంగా వచ్చిన ఫోటోలు ఎంతో గొప్పవి. కాని కాలం మారింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలని, వారి ఏకాంతాన్ని గౌరవించాలని అది చెబుతుంది. పైగా నేటి ఫోటో ఇంటి ఆల్బమ్‌లో ఆగదు. నిమిషంలో వందమంది ఫోన్లకు చేరుతుంది. కాబట్టి పిల్లలు "వద్దు" అంటే అది అల్లరి కాదు, అభిప్రాయం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ఫిల్మ్ ఖరీదుకు, వరసగా నిలబెట్టి తీసే ఫోటోకు ఉన్న సంబంధం ఏమిటి?
4. థీమ్ పార్కులోని ఫోటో పలకలు కుటుంబ జ్ఞాపకాలను ఎలా ప్రభావితం చేశాయి?

9.6 చరిత్ర నుంచి ఆచరణకు

పై చర్చ నుంచి కొన్ని ఆచరణ సూత్రాలు తేలుతాయి. ఖరీదైన కెమెరా లేకపోయినా వీటిని పాటించవచ్చు.

మొదటిది, నిలబెట్టకండి, పని అప్పగించండి. టిక్కెట్లు పట్టుకోవడం, దారిపటంలో తరవాతి సవారీని వెతకడం, తమ్ముడి చెప్పు బకిల్ పెట్టడం ఏదైనా సరే. నేటి కెమెరాలకు కదలిక అడ్డంకి కాదు. మంచి వెలుతురులో సెకనులో 500వ వంతు వేగం ఉంటే పరుగెత్తే పిల్లలు కూడా చాలావరకు స్పష్టంగా వస్తారు.

రెండోది, బ్రౌనీ ఎత్తుకు దిగండి. మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను ఛాతీ దగ్గర పట్టుకుని, మీ ముఖం పిల్లలకు కనిపించేలా మాట్లాడుతూ తీయండి.

మూడోది, తీసేవారిని మార్చండి. పిల్లలకు చనువున్న అమ్మమ్మో, అక్కో, మేనమామో తీస్తే బిడియం సగం తగ్గుతుంది. కాసేపు కెమెరాను పిల్లలకే ఇవ్వండి. అప్పుడు నిత్యం కెమెరా వెనకే ఉండిపోయే మనిషి కూడా ఫోటోలోకి వస్తారు.

నాలుగోది, పలక దగ్గర కాదు, పలకల మధ్య తీయండి. క్యూలో ఎదురుచూపు, ఐస్‌క్రీం కారిపోతుంటే తడబాటు, మధ్యాహ్నం చెట్టు నీడలో అలసట, తిరుగుప్రయాణంలో బస్సులో నిద్ర. ఆ రోజు నిజంగా గడిచింది వీటిలోనే. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీడలో తీస్తే పిల్లలు కళ్లు చికిలించరు.

ఐదోది, తీసింది చూపించి అడగండి. పోలరాయిడ్ కంపెనీ స్థాపకుడు ఎడ్విన్ లాండ్, తీసిన ఫోటో వెంటనే ఎందుకు కనిపించదని 1943లో తన మూడేళ్ల కూతురు అడిగిన ప్రశ్నే తక్షణ ఫోటో ఆలోచనకు మూలమని చెప్పుకున్నాడు. 1947లో ఆయన దాన్ని ప్రదర్శించాడు. నేడు ప్రతి ఫోన్‌లో ఆ సౌకర్యం ఉంది. "ఇది ఉంచుదామా, తీసేద్దామా?" అని అడగండి. తీసేయమంటే తీసేయండి. మాట నిలబెట్టుకున్నవారి ముందు తరవాతిసారి బిడియం తగ్గుతుంది.

చివరిది, ఆపడం తెలుసుకోండి. కొద్ది నిమిషాలు తీశాక ఫోన్ సంచిలో పెట్టేయండి. ఫోటో లేని రోజు కూడా గడిచిన రోజే.

9.7 కృత్యం

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న ఒక పాత విహారయాత్ర ఫోటో తీసుకోండి. కింది నాలుగు ప్రశ్నలకు ఒక పేజీలో సమాధానం రాయండి.
(అ) దీన్ని తీసింది ఎవరు? ఆ మనిషి మిగతా ఫోటోల్లో ఎన్నిసార్లు కనిపిస్తారు?
(ఆ) పిల్లల చేతులు ఏం చేస్తున్నాయి? చూపు ఎటుంది?
(ఇ) ఈ స్థలాన్నే ఎందుకు ఎంచుకున్నారు?
(ఈ) ఆ రోజు జరిగి, ఫోటోలో లేనిది ఏమిటి? ఇంట్లో పెద్దలను అడిగి రాయండి.

అనేక సంవత్సరాలు చరిత్ర బోధించిన అనుభవంతో ఒక మాట చెబుతాను. నాలుగో ప్రశ్నకు వచ్చే సమాధానాలే అన్నిటికన్నా విలువైనవి. "ఆ రోజు నీకు జ్వరం", "మీ నాన్న అప్పు చేసి తీసుకెళ్లారు", "తీసింది నేనే, అందుకే లేను" వంటి మాటలు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. చెప్పేవారు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.

9.8 సారాంశం

తొలినాటి ఫోటోకు కదలని మనిషి కావాలి. కాబట్టి "నిలబడు" అన్నారు. స్టూడియోకు చూపు కావాలి, "ఇటు చూడు" అన్నారు. వ్యాపారానికి సంతోషం కావాలి, "నవ్వు" అన్నారు. థీమ్ పార్కు ఈ మూడింటినీ ఒకే చోట, ఒకే పలక కింద చేర్చింది. సాంకేతిక అవసరం తీరిపోయినా ఆదేశాలు కొనసాగుతున్నాయి. వాటికి లొంగని పిల్లలు ఫోటోను పాడుచేయడం లేదు, ఆదేశాల పాతదనాన్ని మనకు గుర్తుచేస్తున్నారు. కొంగు చాటు నుంచి తొంగిచూసే పాప ఫోటోను తీసేయకండి. ఆమె ఒప్పుకుంటే అలాగే ఉంచండి. ఆ వయసులో ఆమె ఎలా ఉండేదో, ఎవరి కొంగు ఆమెకు భరోసాగా ఉండేదో రేపు చెప్పగలిగేది ఆ ఫోటోయే.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కుటుంబ ఫోటో రూపొందడంలో సాంకేతిక, ఆర్థిక కారణాల పాత్రను చర్చించండి.
2. "సహజమైన ఫోటో కూడా చరిత్ర నిర్మించినదే." ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బ్రౌనీ కెమెరా
2. హైదరాబాదు జెనానా స్టూడియో
3. ఫోటో విషయంలో పిల్లల సమ్మతి